పాత షేర్ సర్టిఫికెట్లు, హుండీలు, ప్రోనోట్లు: బేరం నుంచి బీరువా దాకా

"తాతగారి ట్రంకుపెట్టెలో షేర్ సర్టిఫికెట్ దొరికింది, లేమినేషన్ చేయించమంటారా?" "ఈ నైజాం కాలం కాగితానికి ఎంత పలుకుతుంది?" తరచూ వచ్చే ప్రశ్నలు ఈ రెండే. మొదటిదానికి జవాబు ఒక్క మాట: వద్దు. రెండోదానికి జవాబు కావాలంటే ముందు ఆ కాగితాన్ని రెండు వైపులా చదవాలి. ధర తేల్చే విషయాలు సగం వెనక వైపే ఉంటాయి. బదిలీల పట్టిక, రద్దు ముద్ర, చెల్లు రాతలు అన్నీ అక్కడే. అమ్మేవాళ్లు పెట్టే ఫోటోల్లో మాత్రం ఆ వైపు సాధారణంగా కనపడదు.

పాత షేర్ సర్టిఫికెట్లు, బాండ్ల వంటి కాగితాల సేకరణకు స్క్రిపోఫిలీ అని పేరుంది. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా మన దగ్గర దొరికే కాగితాల గురించి: హైదరాబాదు రాజ్యం, మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటివి, ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలవి.

1. ముందు ఒక హద్దు గీసుకోండి

పాతదల్లా కొంటూ పోతే ఏడాదిలో బీరువా నిండుతుంది, సేకరణ మాత్రం తయారవదు. ఒక ఊరో, ఒక వ్యాపారమో, ఒక రకం పత్రమో ఎంచుకోండి. మచిలీపట్నం బ్యాంకులు, బీమా కంపెనీల కాగితాలు. సింగరేణి బొగ్గు గనులవి: 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ, 1920 నుంచి సింగరేణి కాలరీస్. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవి. బేగంబజారు సాహుకార్ల హుండీలు (ఫలానావారికి ఇంత సొమ్ము చెల్లించమని వ్యాపారులు రాసిచ్చే చీట్లు). కోస్తా పల్లెల ప్రోనోట్లు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ప్రోనోట్లు, హుండీలే మేలు. ఒకటి రెండు పోయినా చేయి కాలదు, కన్ను మాత్రం బాగా తయారవుతుంది.

2. చేతిలో ఉండాల్సిన సామాను

- 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం (గడియారాలు బాగుచేసేవాళ్లు వాడేది)
- 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి
- 2బి పెన్సిలు, స్కేలు
- మెత్తటి వెడల్పాటి కుంచె
- అద్దుడు కాగితాలు (బ్లాటింగ్ పేపర్), కనీసం 10
- పాలియెస్టర్ తొడుగులు, యాసిడ్ లేని కాగితపు ఫోల్డర్లు
- తేమ కొలిచే మీటరు, సిలికా జెల్

గ్లవ్స్ అక్కర్లేదు. నూలు గ్లవ్స్ వేసుకుంటే కాగితం అంచు ఎక్కడ తగులుతోందో తెలియక చిరిగే ప్రమాదమే ఎక్కువ. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరిన చేతులు చాలు.

3. తేదీ తేల్చడం

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కాగితం మీద ఉన్న సంవత్సరం ఏ లెక్కలోదో ముందు చూడాలి.

ఫసలీ (శిస్తు లెక్కలకు సర్కారు వాడిన సంవత్సరం) అయితే 590 కలపండి. హైదరాబాదు రాజ్యపు ఫసలీ సంవత్సరం అక్టోబరు తొలివారంలో ఆజుర్ నెలతో మొదలవుతుంది. కనుక ఫసలీ 1345, దై నెల అంటే 1935 నవంబరు ప్రాంతం. జనవరి నుంచి ఆ ఫసలీ ముగిసేదాకా 591 కలపాలి. మద్రాసు ప్రెసిడెన్సీ ఫసలీ జులై 1న మొదలవుతుంది. రెండూ ఒకటే అనుకుంటే కొన్ని నెలల కాగితాలకు ఏడాది తేడా వచ్చేస్తుంది.

మార్వాడీ, గుజరాతీ హుండీల మీద 'మితీ' అని ఉండే తేదీ విక్రమ సంవత్ లెక్కలోది. సంవత్సరంలోంచి 57 తీసేయండి, ఆ సంవత్సరంలో జనవరి వచ్చాక పడే నెలలకు 56. సంవత్ 1985 అంటే 1928–29.

తర్వాత స్టాంపు మీది బొమ్మ. విక్టోరియా 1901 దాకా, ఏడో ఎడ్వర్డ్ 1910 దాకా, ఐదో జార్జి 1936 దాకా, ఆ తర్వాత ఆరో జార్జి. పాత స్టాంపు కొన్నాళ్లు ఆలస్యంగా వాడి ఉండొచ్చు, అది మామూలే. రాజు గద్దె ఎక్కకముందు తేదీ వేసిన పత్రం మీద ఆయన బొమ్మ ఉంటే మాత్రం అక్కడే ఆగిపోండి.

నైజాం కాగితాల్లో డబ్బు హాలీ సిక్కాలోనా (నిజాం సొంత రూపాయి), కల్దార్‌లోనా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అన్నది కూడా రాసుకోండి. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. ఈ మాట వదిలేస్తే పత్రంలోని మొత్తం తప్పుగా అర్థమవుతుంది.

4. ఇంకా చెల్లుబాటులో ఉందా, కాలం తీరిందా?

షేర్ సర్టిఫికెట్ విషయంలో మిగతా అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇది. పాతగా కనపడుతోంది కదా అని ఫ్రేము కట్టించేస్తే, దాని వెనక బతికున్న షేర్లు ఉండిపోవచ్చు. అటుపక్క, కాలం తీరిన కాగితాన్ని "లక్షల షేర్లు" అని అంటగట్టేవాళ్లూ ఉన్నారు.

ఒకే పేరు, రెండు గతులు ఎలా ఉంటాయో ఆంధ్రా బ్యాంకుతో చూడండి. 1923లో మచిలీపట్నంలో పుట్టిన బ్యాంకును 1980 ఏప్రిల్ 15న జాతీయం చేశారు. అంతకుముందు సర్టిఫికెట్ ఇవాళ సేకరణ వస్తువే. అది ఆ తర్వాతి ప్రభుత్వ బ్యాంకులో వాటా కాదు. 2001లో ఆ ప్రభుత్వ బ్యాంకు ప్రజలకు అమ్మిన షేర్ల సంగతి వేరు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పుడు ప్రతి 1000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. మొదటిది తొడుగులోకి, రెండోది వారసుల చేతికి.

చూడాల్సిన వరస:

1. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కంపెనీ పేరు వెతకండి. నడుస్తోందా, పేరు కొట్టేశారా, విలీనమైందా అన్నది అక్కడ ఉంటుంది. పేరు మారి ఉండొచ్చు కనుక పాత పేరుతోనూ చూడండి.
2. జాతీయం చేసిన రంగమా? ఇంపీరియల్ బ్యాంకు 1955లో స్టేట్ బ్యాంకు అయింది. జీవిత బీమా కంపెనీల వ్యాపారం 1956లో ఎల్‌ఐసీకి వెళ్లింది. ఆ నాటి షేర్లు ఇవాళ సాధారణంగా డబ్బుగా మారవు.
3. కంపెనీ నడుస్తుంటే, దాని రిజిస్ట్రార్ అండ్ ట్రాన్స్‌ఫర్ ఏజెంటుకు (కంపెనీ తరఫున వాటాదారుల లెక్కలు చూసే సంస్థ) ఫోలియో నంబరు (వాటాదారు ఖాతా నంబరు), సర్టిఫికెట్ నంబరు రాసి అడగండి.
4. వరసగా 7 ఏళ్లు డివిడెండు తీసుకోకపోతే షేర్లు ఐఈపీఎఫ్ నిధికి (ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్) వెళ్తాయి. ఆ వెబ్‌సైటులో యజమాని పేరుతో వెతకవచ్చు.
5. వెనక వైపు బదిలీల పట్టికలో చివరి పేరు ఎవరిదో చూడండి. హక్కు ఆ మనిషిది, లేదా వారి వారసులది.

సంతలో కాగితం కొన్నంత మాత్రాన షేర్లు మీవి కావు. 2019 ఏప్రిల్ 1 నుంచి కాగితపు షేర్లను అలాగే బదిలీ చేయించుకోవడానికి సాధారణంగా కుదరదు కూడా. వారసత్వంగా వచ్చేవాటి దారి వేరు. బతికున్న సర్టిఫికెట్ అని తేలితే దాన్ని సేకరణలో కలపకండి.

రద్దయిన సర్టిఫికెట్‌కు చిల్లులు, అడ్డగీత, 'క్యాన్సిల్డ్' ముద్ర ఉంటాయి. ఇవి లోపాలు కావు. రద్దు చిల్లు ఛైర్మన్ సంతకం మీదే పడితే ధర తగ్గుతుంది, అంతే.

5. అసలా, నకిలీనా?

అచ్చు. భూతద్దం కింద ఎరుపు, నీలం, పసుపు చుక్కలు గుత్తులుగా కనపడితే అది ఈమధ్యది. పాత సర్టిఫికెట్ల అంచు అల్లికలు తెగని సన్నటి గీతలు. చెక్కిన పలకతో అచ్చు వేసినదైతే సిరా కొద్దిగా ఉబ్బి వేలికి తగులుతుంది. అక్షరాలు పేర్చి అచ్చు వేస్తే వెనక వైపు నొక్కు కనపడుతుంది. నల్ల గీతలు నిగనిగలాడుతుంటే ఫోటోకాపీ యంత్రపు పొడి కావచ్చు.

కాగితం. చీకటి గదిలో టార్చి వేయండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు వాడుకలోకి వచ్చింది 1950 ప్రాంతంలో. 1925 నాటిదంటున్న కాగితం నీలి తెలుపుగా వెలిగిపోతుంటే అనుమానించాలి. మసకగా, గోధుమరంగులో ఉంటే మొదటి పరీక్ష గట్టెక్కినట్టే.

ముసలితనం. టీ నీళ్లలో ముంచిన కాగితం రంగు అంతటా ఒకేలా ఉంటుంది. నిజంగా పాతబడినది అంచుల దగ్గర ముదురుగా, మధ్యలో లేతగా ఉంటుంది. మడతల్లో దుమ్ము పేరుకుంటుంది.

కాలానికి పొసగని మాటలు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, దొరికిపోయేవాళ్లే ఎక్కువ. ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. 1965 సర్టిఫికెట్ మీద అది ఉంటే చెప్పేదేముంది! రూపాయికి 100 నయా పైసలన్న లెక్క 1957 ఏప్రిల్ 1 నుంచి. అంతకుముందు అణాలు, పైలు. మద్రాసు చెన్నై అయింది 1996లో.

స్టాంపు మీద సంతకం. ప్రోనోటులో సంతకం రెవెన్యూ స్టాంపు మీద మొదలై కాగితం మీదికి దిగాలి. స్టాంపు అంచు దగ్గర భూతద్దం పెట్టి చూడండి. సిరా గీత తెగకుండా దిగితే సరే. అంచు దగ్గర తెగి, వెంట్రుకవాసి పక్కకు జరిగితే స్టాంపును తర్వాత అతికించారన్నమాట.

చెల్లు రాతలు. పాత ప్రోనోటు వెనక "చెల్లు రూ. 5" అని చిన్న చిన్న మొత్తాలు, తేదీ, సంతకంతో కనపడతాయి. అప్పు తీర్చిందేమో అంత చిన్నది, ఎందుకు రాశారు? ప్రోనోటు మీద దావాకు గడువు 3 ఏళ్లు. సంతకంతో చెల్లు పడితే గడువు మళ్లీ మొదటినుంచి లెక్క. అందుకే ఈ తేదీలు మూడేళ్లు నిండబోయే ముందు పడుతుంటాయి. ప్రతి చెల్లుకూ సిరా, కలం, ఒక్కోసారి చేతిరాత మారాలి. తొమ్మిదేళ్ల చెల్లులన్నీ ఒకే కలంతో ఒకే ఊపులో రాసినట్టుంటే నమ్మకండి.

హుండీలో సగం లెక్క. దిద్దడానికి వీల్లేకుండా హుండీలో మొత్తాన్ని రాసి, దాని సగాన్ని 'నీమే' అని రాసి, దానికి రెట్టింపు 'దూనే' అని మళ్లీ చెబుతారు. 500 హుండీలో 250 ఉండాలి. లిపి మహాజనీయో, మోడీయో అయి చదవలేకపోయినా ఈ రెండు అంకెలు వెతకండి. ఒకటి రెండోదానికి సగం కాకపోతే చదవగలిగినవాళ్లకు చూపించకుండా డబ్బు ఇవ్వకండి. సొమ్ము చెల్లించాక రద్దయిన హుండీని ఖోఖా అంటారు, సంతల్లో దొరికేవాటిలో ఇవే ఎక్కువ. పోయిన హుండీకి బదులు రాసిచ్చే రెండో ప్రతి 'పేఠ్'. అది అరుదు.

6. ఎంత చవకగా వచ్చినా కొనకూడనివి

- రాయని పాత స్టాంపు కాగితం. వెనక తేదీ వేసి భూమి పత్రాలు పుట్టించేవాళ్లకు కావాల్సిన ముడిసరుకు ఇదే. మీ చేతిలో ఉంటే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే.
- భూమి దస్తావేజుల అసలు ప్రతులు. ఆ భూమి తగాదా ఏ కోర్టులో నలుగుతోందో మీకు తెలియదు.
- ఆఫీసు ఫైలు నంబరు, రికార్డు గది ముద్ర ఉన్నవి. ప్రభుత్వ దఫ్తరం నుంచి బయటికి వచ్చినవి కావచ్చు. చదవాలనుంటే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లి చూసుకోవచ్చు.
- "ఇప్పటికీ డబ్బు వస్తుంది" అని అమ్మే విదేశీ బాండ్లు. 1913 చైనా రీఆర్గనైజేషన్ గోల్డ్ లోన్, జారు కాలపు రష్యా బాండ్లు బొమ్మగా అందంగా ఉంటాయి, సేకరణగా కొనుక్కోండి. వాటిని చూపించి కోట్లు వస్తాయన్నవాళ్లకు ఫీజు కట్టకండి.

7. బేరం

ఆన్‌లైన్‌లో అడిగే ధర ధర కాదు. వేలం సంస్థలు అమ్ముడైన ధరలు ప్రకటిస్తాయి. అదే కంపెనీ, అదే దశాబ్దం, అదే స్థితి ఉన్నవి కనీసం మూడు చూశాకే మీ మొత్తం నిర్ణయించుకోండి. వేలంలో సుత్తి పడ్డ ధరకు పైన కొనుగోలుదారు కమిషన్, దాని మీద జీఎస్టీ కలుస్తాయని మరిచిపోవద్దు.

ధర పెంచేవి: చెక్కిన బొమ్మ, తొలి జారీ, తక్కువ సర్టిఫికెట్ నంబరు, చేతితో పెట్టిన ప్రముఖుల సంతకం (రబ్బరు ముద్ర కాదు), కూపన్లు (వడ్డీ తీసుకునే చీట్లు) ఊడని బాండు. తగ్గించేవి: సెల్లోటేపు, లేమినేషన్, కత్తిరించిన అంచులు, చెద తిన్న చోట్లు. మడతకు భయపడక్కర్లేదు. మడవకుండా ఉన్న ప్రోనోటు ఎక్కడుంటుంది?

కొనేముందు అడగాల్సినవి:

- వెనక వైపు ఫోటో
- వెలుతురుకు ఎత్తిపట్టి తీసిన ఫోటో (అతుకులు, నీటిగుర్తు తెలుస్తాయి)
- కొలతలు
- ఎక్కడినుంచి వచ్చిందో రాసిన రశీదు

8. ఇంటికి తెచ్చాక మొదటి మూడు వారాలు

కొత్త కాగితాన్ని నేరుగా పాతవాటితో కలపకండి. పాత పేపర్ల కొట్టు నుంచి వచ్చినదానితో పుస్తకాల పేను, వెండిచేప ఉచితంగా వస్తాయి.

1. రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేయండి. ఏ పనైనా దీని తర్వాతే.
2. కుంచెతో మధ్య నుంచి అంచులకు దుమ్ము దులపండి. తడిగుడ్డ పెట్టొద్దు. పాత సిరా కరిగిందంటే వెనక్కి రాదు.
3. పురుగు అనుమానముంటే రెండు పాలిథీన్ సంచుల్లో గాలి పోకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో 2 వారాలు ఉంచండి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పొద్దు, విప్పితే చెమ్మ పడుతుంది. లక్క ముద్ర ఉన్నవాటికి ఈ పద్ధతి వద్దు, ముద్ర పగులుతుంది.
4. గుండుసూదులు, పిన్నులు లాగకండి. కాగితానికీ పిన్నుకూ మధ్య సన్నటి పాలియెస్టర్ ముక్క దూర్చి, వెనక కాళ్లు నిదానంగా లేపి, అప్పుడు తీయండి.
5. మడతలు పోవాలంటే అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన చదునైన బల్ల, దానిపైన 2–3 కిలోల బరువు. పది రోజులు. ఇస్త్రీపెట్టె మాట ఎత్తొద్దు. వేడికి కాగితం పెళుసెక్కుతుంది.

9. దాచడం

పాలియెస్టర్ తొడుగు మేలు, పాలీప్రొపిలీన్ పరవాలేదు. బజారులో దొరికే పీవీసీ ఫోల్డర్లు కొన్నేళ్లకు జిగురుగా మారి అచ్చును పీల్చుకుంటాయి. సిరా పొడిగా రాలుతున్న కాగితానికి మాత్రం పాలియెస్టర్ వద్దు, దాని విద్యుత్తు ఆకర్షణకు పొడి లేచిపోతుంది. అలాంటిదాన్ని యాసిడ్ లేని కాగితం మడతలో పెట్టండి.

తేమ 45–55 శాతం ఉండాలి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో వానాకాలం అది కలే. బీరువాను బయటి గోడకు 4 అంగుళాలు ఎడంగా జరపండి, కింది అరలో పెట్టకండి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేయండి. గింజల రంగు మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. 40 శాతం కిందికి పోనివ్వకండి, కాగితం విరుగుతుంది. వేపాకు, వస కొమ్ము కాగితానికి తగలకుండా విడిగా పెట్టండి, ఆకు మరకలు పోవు.

గోడకు తగిలించాలనుంటే రంగు ప్రింటు తీయించి దాన్ని తగిలించండి.

10. ఇప్పటికే జరిగిపోయి ఉంటే

*లేమినేషన్ చేయించేశారు.* పీకకండి, అచ్చు ఫిల్ముతోపాటు ఊడుతుంది. ఎండకు దూరంగా అలాగే ఉంచి, విలువైనదైతే కాగితపు సంరక్షకులకు చూపించండి.

*సెల్లోటేపు అతికించారు.* వేడి, నూనె, థిన్నరు ఏదీ వద్దు. పక్క కాగితానికి అంటకుండా వేరు తొడుగులో పెట్టండి.

*తడిసింది.* ఎండలో ఆరేయొద్దు. అద్దుడు కాగితాల మధ్య పెట్టి, ఫ్యాను గాలిలో, గంటకోసారి కాగితాలు మారుస్తూ ఉండండి. ఎక్కువ కాగితాలు ఒకేసారి తడిస్తే ముందు ఫ్రీజరులో పెట్టి, కొన్నికొన్నిగా తీసి ఆరబెట్టుకోవచ్చు.

*బాల్‌పెన్‌తో నంబరు వేసేశారు.* చెరపబోతే కాగితం పొర లేస్తుంది. వదిలేయండి. ఇకమీదట నంబరు తొడుగు మీదే.

11. చిట్టా

ఒక్కో పత్రానికి ఒక వరస: నంబరు, కంపెనీ లేదా సాహుకారు, ఊరు, పత్రం మీది తేదీ, ఇంగ్లీషు తేదీ, మొత్తం (హాలీయా, కల్దారా), కొలత, స్థితి, ఎక్కడ కొన్నది, ఎంతకు. రశీదు స్కాన్ పక్కనే ఉండాలి. ప్రోనోట్ల ఫోటోలు నలుగురికీ చూపేటప్పుడు అప్పు తీసుకున్నవారి ఇంటిపేరు, ఊరు కప్పేయండి. వారి మనవలు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటారు.

12. విదేశం తీసుకెళ్లేముందు

అమెరికాలో ఉన్న పిల్లలు "వచ్చేటప్పుడు అవి పట్టుకురండి" అంటుంటారు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన, చారిత్రక విలువ ఉన్న పత్రం పురావస్తువు కిందికి రావచ్చు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. కొరియరుకూ, సూట్‌కేసుకూ ఒకటే నియమం. ప్రయాణానికి చాలా ముందే భారత పురావస్తు శాఖకు చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. రాకపోతే స్కాన్ పంపండి, అసలు కాగితం ఇక్కడే ఉండనివ్వండి.